కౌలాలంపూరా, సింగపూరా, బ్యాంకాకా, సైగానా? మొదటి ముద్దని బట్టి ఊరు ఎంచుకోండి

మా వైపు ఈ రెండుమూడేళ్లల్లో ఫారిన్ టూర్లు బాగా పెరిగాయండి. ఇదివరకు విమానం ఎక్కడమంటే కువైట్‌కో మస్కట్‌కో పనికెళ్లడమే. ఇప్పుడు వరి కోతలైపోయాకో, రొయ్యల చెరువు పట్టుబడి అయిపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడాకో, అమ్మానాన్నల షష్టిపూర్తి పేరు చెప్పో ఓ అయిదు రోజులు వెళ్లొద్దాం అంటున్నారు. అమలాపురంలో అయినా పాలకొల్లులో అయినా భీమవరంలో అయినా అడిగేది ఒకటే, బ్యాంకాకా సింగపూరా కౌలాలంపూరా, ఈమధ్య వియత్నాం కూడా అంటున్నారు కదా, ఏది బాగుంటుంది అని. చూడాల్సిన టవర్లు, బీచ్‌లు ఏజెంటు ఇచ్చే కాగితంలోనే ఉంటాయి, వాటికి నేను అక్కర్లేదు. తిండి గురించి మాత్రం ఆ కాగితంలో "ఇండియన్ డిన్నర్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. కానీ నేను నాలుగు ఊళ్లూ తిరిగొచ్చాక గట్టిగా నమ్మేది ఏంటంటే, దిగిన మొదటి మూడు నాలుగు గంటల్లో మనం ఏం తిన్నామో దాన్ని బట్టే ఆ ఊరు మనకి నచ్చుతుందా లేదా అనేది తేలిపోతుంది, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లు వెంట ఉంటే. ఆకలి మీద ఉన్న మనిషికి జంట టవర్లు చూపించినా ఒకటే, చెరువు గట్టు చూపించినా ఒకటే.

ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. మనవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ వెళ్లి రాత్రి ఫ్లైట్ ఎక్కుతారు, కొందరు వైజాగ్ నుంచి. మూడున్నర నాలుగున్నర గంటల ప్రయాణం, నిద్ర సరిగ్గా పట్టదు, తెల్లారేసరికి దిగుతారు. అంటే పరాయి దేశంలో మన మొదటి తిండి టిఫినే. మధ్యాహ్నం భోజనం ఎంత బాగున్నా అప్పటికే ఆలస్యం. అందుకే ఈ పోలిక నేను టిఫిన్ దగ్గర్నుంచే మొదలెడతాను.

ఏం చూసుకోవాలి

ముందు దిగాక ఊళ్లోకి ఎంత తేలిగ్గా వెళ్తాం అన్నది. తర్వాత పొద్దున్నే మన నోటికి ఎక్కేది ఏమైనా దొరుకుతుందా. శాకాహారం అని వాళ్లు చెప్పేది నిజంగా శాకాహారమేనా, ఇది అన్నిటికన్నా పెద్దది, కింద వివరంగా చెప్తాను. చేత్తో తినొచ్చా, పెరుగు దొరుకుతుందా, ఇవి చిన్నవిగా కనిపిస్తాయిగానీ మా నాన్నలాంటివాళ్లకి ఇవే సగం ట్రిప్పు. గోదారోళ్లం కాబట్టి చేప, రొయ్య ఎలా వండుతారు అన్నది ఎలాగూ చూస్తాం. చివర్న ఖర్చు.

| | కౌలాలంపూర్ | సింగపూర్ | బ్యాంకాక్ | సైగాన్ (వియత్నాంలోని హో చి మిన్ సిటీ) |
|---|---|---|---|---|
| మన టైమ్ కన్నా | రెండున్నర గంటలు ముందు | రెండున్నర గంటలు ముందు | గంటన్నర ముందు | గంటన్నర ముందు |
| ఊళ్లోకి | 57 కిలోమీటర్లు, రైల్లో 28 నిమిషాలు | మెట్రో ఉంది, టాక్సీ తేలిక | రైల్ లింక్ ఉంది, రోడ్డు మీద ట్రాఫిక్ | ఎయిర్‌పోర్టు ఊళ్లోనే, బైకుల వరద |
| పొద్దున్నే మన టిఫిన్ | ఎక్కడపడితే అక్కడ | లిటిల్ ఇండియాలో | వెతకాలి | వెతకాలి |
| చేత్తో తినడం | మామూలే | లిటిల్ ఇండియాలో మామూలే | స్పూను, ఫోర్కు | చాప్‌స్టిక్స్, అడిగితే స్పూను |
| పుల్ల పెరుగు | దొరుకుతుంది | దొరుకుతుంది | కష్టం, అంతా తీపిదే | కష్టం, అంతా తీపిదే |
| చేప, రొయ్య | బాగుంటుంది | బాగుంటుంది, ఖరీదు | చాలా బాగుంటుంది | అన్నిట్లోకి మన పులుసుకి దగ్గర |
| మామూలు ప్లేటు | రోటీ 2 రింగిట్ల చుట్టూ, అరిటాకు భోజనం 10-15 | 5-8 డాలర్లు | 50-80 బాత్ | బన్ మీ (కూరిన రొట్టె) 20-40 వేల డాంగ్ |

రూపాయల్లో అయితే రింగిట్ ఇరవై పైన, సింగపూర్ డాలర్ 65 పైన, బాత్ రెండున్నర పైన, లక్ష డాంగ్ మూడొందల పైన అనుకోండి, రోజూ అటూ ఇటూ అవుతుంటుంది.

కౌలాలంపూర్: పెద్దవాళ్లతో మొదటిసారి అయితే ఇదే

ఇది నా గట్టి అభిప్రాయం, ఎవరడిగినా ఇదే చెప్తాను. మా అమ్మని మొదటిసారి బయటికి తీసుకెళ్లింది ఇక్కడికే. ఎయిర్‌పోర్టు దగ్గర్నుంచి రైల్లో వస్తుంటే రెండువైపులా పామాయిల్ తోటలు, మన ద్వారకా తిరుమల వైపు వెళ్తున్నట్టే ఉంది అంది. రైలు దిగే కేఎల్ సెంట్రల్ స్టేషన్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేట ఉంటుంది, అక్కడి లిటిల్ ఇండియా అదే. పెట్టె లాక్కుంటూ నడిచి వెళ్లిపోవచ్చు. మల్లెపూల దండలు, అరిటాకులు, తమిళ బోర్డులు, గుడి గంట. దిగిన గంటన్నరకి మేం టిఫిన్ ముందు కూర్చున్నాం.

అక్కడ మామక్ షాపులని ఉంటాయి, తమిళ ముస్లింల హోటళ్లు, చాలావరకు రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. రోటీ చనాయ్ అని మైదా రొట్టె. అతను పిండి ముద్దని నూనెలో నొక్కి, రెండు చేతుల్తో పట్టుకుని గాల్లో తిప్పి బల్ల మీద కొడితే ఒక్కో దెబ్బకీ ఇంతింతై ఆఖరికి అవతల ఏముందో కనపడేంత పల్చగా అయిపోతుంది, మళ్లీ దాన్ని మడతలు వేసి పెనం మీద పడేస్తాడు. మా అమ్మ తినడం ఆపేసి అదే చూస్తా కూర్చుంది, ఆత్రేయపురంలో పూతరేకు తీసే ఆవిడ చెయ్యి కూడా ఇలాగే ఆడుద్దిరా అంది. కాలిన రొట్టెని రెండు అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు నలిపి పొరలు విడదీసి ప్లేట్లో వేస్తాడు, పక్కన పప్పు పోస్తాడు. మూల సింకు ఉంటుంది, చెయ్యి కడుక్కుని హాయిగా చేత్తో తినడమే.

ఒక జాగ్రత్త. చాలా చోట్ల పప్పులో చేపల కూర గ్రేవీ కలిపి పోసే అలవాటు ఉంది. శాకాహారులు అయితే ముందే "దాల్ సాజా" అనాలి, పప్పు మాత్రమే అని. అలాగే నాసి లెమాక్ అని కొబ్బరిపాలతో వండిన అన్నం అరిటాకులో పొట్లం కట్టి ఇస్తారు, వాసనకే ప్రాణం లేచొస్తుంది, కొబ్బరి సీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ దాని మీద వేసే సాంబాల్ కారంలో రొయ్యల ముద్ద ఉంటుంది, పైన ఎండు నెత్తళ్లు వేయించి వేస్తారు. తినేవాళ్లకి పండగ, తిననివాళ్లకి అది కుదరదు. మలేషియా టిఫిన్ల సంస్కృతిని, నాసి లెమాక్, రోటీ చనాయ్ అన్నిటితో కలిపి, 2024లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అది విన్నప్పుడు నాకు ఆశ్చర్యం అనిపించలేదు, ఆ దేశంలో పొద్దున్న పూట తినడం చూస్తే తెలుస్తుంది, చైనా వాళ్లు, మలే వాళ్లు, మనవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తలోటి తింటుంటారు.

మధ్యాహ్నం అరిటాకు భోజనం. అన్నం, మూడు కూరలు, అప్పడం, చారు, పెరుగు, ఎన్నిసార్లడిగినా వడ్డిస్తారు. బటు కేవ్స్‌కి కేఎల్ సెంట్రల్ నుంచే రైలు ఉంది, 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం, గుహలోకి 272 మెట్లు. మెట్లెక్కలేని పెద్దవాళ్లని కింద శాకాహార హోటల్లో కూర్చోబెట్టి మీరు ఎక్కి రావచ్చు, అక్కడ దోసెలు, కొబ్బరి బొండాలు ఉంటాయి.

ఇంకో మాట చెప్పాలి, ఇది తిండికి సంబంధించింది కాదుగానీ మనసుకి సంబంధించింది. వందేళ్లకి పైగా క్రితం మన కోస్తా జిల్లాల నుంచి రబ్బరు తోటల్లోకి, కొబ్బరి తోటల్లోకి కూలికి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు అక్కడ ఉన్నారు. 1955లోనే అక్కడ ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ అనే చోట కొబ్బరి తోటల్లో తెలుగు కుటుంబాలు బోలెడు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో పూలు కట్టే ఒక పెద్దావిడ మా మాటలు విని "మీరు తెలుగోళ్లా" అని అడిగింది, యాస వేరు, మాట మనదే. మా అమ్మ ఆవిడ పక్కన స్టూలు మీద అరగంట కూర్చుండిపోయింది, ఇద్దరూ గోంగూర గురించే మాట్లాడుకున్నారు.

లోటు ఏంటంటే టీ, కాఫీ, జ్యూసు అన్నిట్లో పంచదార చాలా ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లు "కురాంగ్ మానిస్" అనాలి, తీపి తగ్గించమని. నాలుగైదు రోజులు దాటితే కుర్రాళ్లకి అంతా మన ఊరు లాగే ఉంది కొత్తేముంది అనిపించొచ్చు, నిజమే, కొత్తదనం కోసం వెళ్లేవాళ్లకి ఇది మొదటి ఎంపిక కాదు.

సింగపూర్: చిన్నపిల్లలు ఉంటే, డబ్బులు ఉంటే

దిగీ దిగగానే మెచ్చుకునే ఊరు ఇదే. చాంగీ ఎయిర్‌పోర్టులో 2019లో తెరిచిన జువెల్ అనే మాల్‌లో 40 మీటర్ల పైనుంచి నీళ్లు దూకుతుంటాయి, పిల్లలు అక్కడే ఆగిపోతారు. మెట్రోలో తమిళంలో కూడా అనౌన్స్ చేస్తారు. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, చంటిపిల్లలున్న తల్లులకి ఇది ఎంత పెద్ద నిశ్చింతో వాళ్లకే తెలుస్తుంది. మిగతా మూడు ఊళ్లల్లో బాటిల్ నీళ్లే తాగండి.

తిండి అంటే హాకర్ సెంటర్లు. పెద్ద షెడ్డు కింద వరసగా చిన్న చిన్న కొట్లు, మధ్యలో బల్లలు. 2020లో ఈ హాకర్ సంస్కృతికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక్కో కొట్టు ఒకటో రెండో వంటలే చేస్తుంది, అదే జీవితాంతం చేస్తుంది. బల్ల మీద టిష్యూ పాకెట్ పెట్టి ఉంటే ఆ సీటు ఎవరో ఆపుకున్నారని అర్థం, అక్కడ కూర్చోకండి. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి పెట్టకపోతే ఫైన్ కూడా వేస్తున్నారు. మెట్రోలో తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు, పిల్లల చేతిలో బిస్కెట్ ఉంటే లోపల పెట్టించండి.

మనకి ధైర్యం లిటిల్ ఇండియా, అంటే సెరంగూన్ రోడ్డు, టెక్కా సెంటర్. టెక్కాలో ఒకపక్క తినే కొట్లు, ఇంకోపక్క చేపల మార్కెట్, కరివేపాకు, మునక్కాడలు, అన్నీ ఉంటాయి. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ లాంటి శాకాహార హోటళ్లు ఆ చుట్టుపక్కలే. ఇడ్లీ, దోసె, ఫిల్టర్ కాఫీ, భోజనం, ఏ ఇబ్బందీ లేదు. అయితే అదే ఇడ్లీకి ఇక్కడికీ అక్కడికీ ధర చూస్తే పెద్దవాళ్లు రూపాయల్లోకి మార్చి లెక్క కట్టి సగం వదిలేస్తారు, మా నాన్న అదే పని చేశాడు. ముందే చెప్పండి, అక్కడున్నన్నాళ్లు రూపాయల లెక్క వద్దు అని.

కాయ టోస్ట్ అని బ్రెడ్డు మీద కొబ్బరిపాల జామ్ రాసి ఇస్తారు, కొబ్బరి కాబట్టి మనవాళ్లు ఇష్టంగా తింటారు, కానీ అందులో గుడ్డు ఉంటుంది, గుడ్డు తిననివాళ్లకి చెప్పి పెట్టండి. చేప తల కూర మాత్రం మాంసాహారులు వదలొద్దు. కేరళ నుంచి వెళ్లినవాళ్ల చెయ్యి, చైనావాళ్లకి చేప తల మీద ఉన్న ఇష్టం, రెండూ కలిసి పుట్టిన వంట అది. చింతపండు పులుపు, బెండకాయలు, వంకాయలు, పెద్ద తలకాయ. చేప తలలో మెత్తటి కండ ఎక్కడుంటుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదండి.

బ్యాంకాక్: అన్నీ తినేవాళ్లకి స్వర్గం, శాకాహారికి జాగ్రత్త

మొదట బాధ చెప్తాను. మా అమ్మ శనివారాలు నీచు ముట్టదు. ఒక శనివారం బ్యాంకాక్‌లో, ఫోటోలో పచ్చి బొప్పాయి కోరు, టమాటా, వేరుశనగపప్పు మాత్రమే కనిపిస్తున్నాయి కదా అని సోమ్ తామ్ చెప్పాను, "వెజ్, నో ఫిష్, నో మీట్" అని రెండుసార్లు చెప్పాను, ఆ అమ్మాయి తలూపింది. మా అమ్మ నాలుగు ముద్దలు తిని ఆగి, వేళ్లతో పక్కకి తీసి చూపించింది, వేలి గోరంత ఎండు రొయ్య. మా ఇంట్లో గోంగూరలో వేసేదే, సరిగ్గా అదే. ఆ అమ్మాయి తప్పేం లేదు, వాళ్ల లెక్కలో అది ఉప్పులాంటిది. చేపల సాస్ కూడా అంతే, నామ్ ప్లా అంటారు, ఉప్పు బదులు అదే వేస్తారు. తప్పు నాది, అడగాల్సిన మాట అడగలేదు.

అడగాల్సిన మాట "జే". పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో రాసి ఉంటుంది. జే అంటే మాంసం, చేప, గుడ్డు, చేపల సాస్ ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. అంటే మన కార్తీకమాసం భోజనం కన్నా కట్టుదిట్టం. ఏడాదికోసారి తొమ్మిది రోజులు శాకాహార పండగ చేస్తారు, అప్పుడు ఊరంతా ఈ పసుపు జెండాలే, ఆ పండగ చాలా ఏళ్లు మన దసరా నవరాత్రులతో కలిసొస్తుంది, 2024లో అయితే రెండూ అక్టోబర్ 3నే మొదలయ్యాయి. యావొరాత్ అనే చైనా టౌన్‌లో ఆ రోజుల్లో శాకాహారికి లోటుండదు. మామూలు రోజుల్లో "జే" దొరక్కపోతే "మై సై నామ్ ప్లా" అనండి, చేపల సాస్ వెయ్యొద్దు అని. పహురాత్ పేటలో మనదేశం హోటళ్లున్నాయి, ఎక్కువ పంజాబీ వంట. సీలోమ్ రోడ్డు మీద మారియమ్మన్ గుడి ఉంది, చుట్టుపక్కల సౌత్ ఇండియన్ తిండి దొరుకుతుంది.

ఇంక తినేవాళ్ల సంగతి. మన పండుగప్పని వాళ్లు ప్లా కపోంగ్ అంటారు. నిమ్మరసం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి ఆవిరి మీద ఉడికించి, చేప ఆకారంలో ఉన్న రేకు పళ్లెంలో కింద సన్న మంట పెట్టి తెస్తారు. మొదటి స్పూను నోట్లో పెట్టగానే మా బావ ఏమీ మాట్లాడలేదు, ఎముకల దాకా తినేశాక "ఇగురు ఒక్కటే కాదన్నమాట దీనికి" అన్నాడు. నీలకంఠ రొయ్యని నిలువుగా చీల్చి బొగ్గుల మీద కాలుస్తారు, తలలో కొవ్వు నారింజ రంగులో కరిగి ఉంటుంది, దాన్ని అన్నంలో కలుపుకోవడమే. అయుత్తయ వైపు వెళ్తే అక్కడ దీనికే జనం వస్తారు. తోమ్ యమ్ కుంగ్ అనే రొయ్యల చారుకి 2024లో యునెస్కో గుర్తింపు దొరికింది, పుల్లగా కారంగా ఉంటుంది, మన నోటికి ఇట్టే పడుతుంది. వీధుల్లో కొబ్బరిపాలు, బియ్యప్పిండితో గుంట పొంగణాల్లా చేసి అమ్ముతారు, ఖనోమ్ క్రోక్ అని, వేడి మీద తినాలి. మామిడిపండు, కొబ్బరిపాలు పోసిన జిగురు అన్నం పిల్లలకి కూడా నచ్చుతుంది.

అన్నం మాత్రం కొత్త బియ్యం అన్నంలా కాస్త ముద్దగా ఉంటుంది. పెరుగు కోసం సెవెన్ ఇలెవెన్‌లో వెతికితే అన్నీ తీపి పెరుగులే. ఆ కొట్లు నడిపేది సీపీ వాళ్ల గ్రూపు, మన చెరువు గట్ల మీద కనపడే రొయ్యల మేత బస్తాల సీపీయే. రాత్రి ఒంటిగంటకి దిగినా ఆ కొట్లు తెరిచే ఉంటాయి, పాలు, అరటిపండు, బ్రెడ్డు దొరుకుతాయి, ఆకలితో పడుకోవక్కర్లేదు. ఎయిర్‌పోర్టులోనే కింది అంతస్తులో అక్కడ పనిచేసేవాళ్లు తినే ఫుడ్ కోర్టు ఉంది, కూపన్లు కొనుక్కుని తినాలి, పై అంతస్తుల ధరల్లో సగం కూడా ఉండదు.

సైగాన్: డెల్టా వాళ్లు డెల్టాని చూడాలంటే

ఇక్కడికి నేను ఇద్దరు రొయ్యల రైతులతో వెళ్లాను, ముగ్గురం అన్నీ తినేవాళ్లమే కాబట్టి బెంగ లేకుండా వెళ్లాం. బయటికి రాగానే బైకులు, లెక్కలేనన్ని బైకులు, రోడ్డు దాటాలంటే ఆగకుండా, పరిగెత్తకుండా నిదానంగా నడుచుకుంటూ పోవాలి, వాళ్లే పక్కనుంచి తప్పుకుని పోతారు. పెద్దవాళ్లకి ఇది భయం. డబ్బుల దగ్గర కూడా జాగ్రత్త, ఇరవై వేల డాంగ్ నోటు, అయిదు లక్షల నోటు రెండూ నీలం ఛాయలోనే ఉంటాయి, సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి. మాలో ఒకాయన కాఫీకి అయిదు లక్షల నోటు ఇచ్చేశాడు, కొట్టావిడే నవ్వి వెనక్కి ఇచ్చింది.

పొద్దున్న ఫో అనే సేమ్యాల చారు. "బో" అంటే గొడ్డు మాంసం, "గా" అంటే కోడి, ఈ రెండు ముక్కలు బట్టీ పట్టాకే హోటల్లో అడుగు పెట్టండి. బన్ మీ రొట్టెలో మామూలుగా పంది మాంసం ఉంటుంది. శాకాహారులకి మాట "చై", రాసేటప్పుడు మన చాయ్ లాగే కనపడుతుంది, టీ అనుకోకండి. "కోమ్ చై" బోర్డున్న హోటళ్లు బౌద్ధులవి, ఉల్లి వెల్లుల్లి లేని భోజనం కూడా దొరుకుతుంది. అమావాస్య మర్నాడు, పౌర్ణమికీ అక్కడివాళ్లే చాలామంది శాకాహారం తింటారు, ఆ రోజుల్లో ఆ హోటళ్లు కిటకిటలాడతాయి. బెన్ థాన్ మార్కెట్ దగ్గర్లో మారియమ్మన్ గుడి ఉంది, దణ్ణం పెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది వియత్నాం వాళ్లే.

నేను ఈ ఊరి గురించి ఇంత చెప్పడానికి అసలు కారణం కాన్ చువా. చింతపండు పులుసులో చేప ముక్కలు, టమాటా, బెండకాయ, అనాసపండు. మన పులుసంత చిక్కగా ఉండదు, చారంత పల్చన, కొంచెం పంచదార తగులుతుంది. పక్కన కా ఖో తో అని మట్టి పాత్రలో దగ్గరికి ఇగిర్చిన చేప. పులుసు, ఇగురు, తెల్లన్నం, మూడూ బల్ల మీదికి వచ్చేసరికి మాకు ఒక్క నిమిషం మాట రాలేదు. అంత దూరంలో కూడా నదీ ముఖంలో బతికేవాళ్లు చేపని ఇలాగే వండుకుంటున్నారు. బన్ సేవ్ అని బియ్యప్పిండిలో పసుపు కలిపి పోసే పల్చటి అట్టు, లోపల రొయ్యలు, మొలకలు పెట్టి మడుస్తారు, ఆకుకూరల్లో చుట్టుకుని తినాలి.

రెండో రోజు మెకాంగ్ డెల్టాకి, బెన్ ట్రే వైపు వెళ్లాం, సైగాన్ నుంచి రెండు గంటలు. కాలువలు, చిన్న వంతెనలు, నీళ్ల మీదికి వంగిన కొబ్బరి చెట్లు, వరి, చెరువుల్లో తిరుగుతున్న ఏరియేటర్లు. అక్కడి రైతులు వనామీ రొయ్య, పంగస్ చేప పెంచుతారు, ధర పడిపోయిందని వాళ్లూ మాలాగే అన్నారు. ఒక ఇంట్లో కొబ్బరిపాలు, బెల్లంలాంటి మాల్ట్ పాకం కలిపి పెద్ద బాణలిలో తిప్పుతున్నారు, పాకం దగ్గరపడ్డాక అచ్చుల్లో పోసి కోసి, తినగలిగే పల్చటి బియ్యపు కాగితంలో చుట్టారు. మా కొబ్బరి లౌజుకి దూరపు చుట్టం. అంబాజీపేట నుంచి కొబ్బరి లారీలు ఎక్కిపోవడమే చూసిన మాకు, కాయకి ఇంత విలువ తెచ్చుకోవడం చూసి కడుపు నిండిపోయింది, కొంచెం దిగులు కూడా వేసింది, మనం ఎందుకు చెయ్యట్లేదా అని.

ఎవరికి ఏది

అమ్మానాన్నలతో, అందులో ఒక్కరు శాకాహారి అయినా, కౌలాలంపూర్. ముస్లిం కుటుంబాలకి కూడా ఇదే, హలాల్ హోటళ్లకి కొదవే ఉండదు. ఆరేడేళ్ల లోపు పిల్లలుంటే సింగపూర్, కాకపోతే నాలుగు రోజులు చాలు, అంతకన్నా ఉంటే పర్సు బరువు దిగిపోతుంది. కొత్తగా పెళ్లయినవాళ్లు, స్నేహితుల గుంపు, అన్నీ రుచి చూద్దాం అనుకునేవాళ్లు బ్యాంకాక్. చెరువులున్నవాళ్లు, కొబ్బరి తోటలున్నవాళ్లు, అంటే సగం కోనసీమ, ఒక్కసారైనా సైగాన్ వెళ్లండి, కానీ పెద్దవాళ్లని రెండో ట్రిప్పుకి తీసుకెళ్లండి, మొదటిదానికి వద్దు.

రెండు ఊళ్లు కలపాలంటే కౌలాలంపూర్, సింగపూర్ జత. బస్సులో అయిదారు గంటలు, దారిలో పెద్ద విశ్రాంతి స్థలాల దగ్గర ఆపుతారు, పండ్లు, అన్నం, టాయిలెట్లు అన్నీ ఉంటాయి. ముందు కౌలాలంపూర్ చూసి తర్వాత సింగపూర్ వెళ్లండి, ఖరీదైన ఊరు చివర్లో ఉంటే మొదట్నుంచీ పిసినారితనం చెయ్యక్కర్లేదు. బ్యాంకాక్, సైగాన్ మధ్య విమానంలో గంటన్నర. ఈ చిన్న ఫ్లైట్లల్లో తిండి కొనుక్కోవాలి, వెజ్ కావాలంటే టికెట్‌తో పాటే బుక్ చేసుకోండి, లోపల అడిగితే అయిపోయిందంటారు. వీసాకి వస్తే మలేషియా 2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్లకి వీసా తీసేసింది, థాయిలాండ్ కూడా దాదాపు అప్పుడే తీసేసింది, సింగపూర్‌కి ముందే తీసుకోవాలి, వియత్నాంకి ఈ-వీసా. ఇవి మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు ఆ దేశం అధికారిక సైటు ఒక్కసారి చూసుకోండి.

మూటలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఆవకాయ పెద్ద పెట్టెలోనే వెయ్యండి, చేతి బ్యాగులో పెడితే నూనె ఉందని తీసి పక్కన పెట్టేస్తారు. కందిపొడి, కరివేపాకు పొడి జిప్ కవర్లలో. ఎండుకొబ్బరి మాత్రం చెక్-ఇన్ పెట్టెలో కూడా వద్దు, దాన్లో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే సరుకు కింద లెక్క. మా అమ్మ కుడక ముక్కలు కౌంటర్ దగ్గరే తీసేశారు, కొబ్బరి సీమ నుంచి వచ్చి కొబ్బరి లేకుండా ఎలాగరా అని చాలాసేపు బాధపడింది. సింగపూర్ వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్త, గసగసాలు అక్కడ నిషేధం, మాదకద్రవ్యాల చట్టం కిందకి వస్తాయి. మన మసాలా పొడుల్లో గసగసాలు పడతాయి కాబట్టి ఇంటి మసాలా ఆ దేశానికి పట్టుకెళ్లకండి. ఖైనీ, చూయింగ్ గమ్ కూడా వద్దు. ఇంటినుంచి పులిహోర కట్టుకెళ్తే హైదరాబాద్ ఎయిర్‌పోర్టులోనే తినేసి ఎక్కండి.

ఇంక రోజులు. రంజాన్ నెలలో కౌలాలంపూర్ వెళ్తే పగలు మలే హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి, బ్రిక్‌ఫీల్డ్స్‌కి ఇబ్బంది లేదు, సాయంత్రం వీధుల్లో పెట్టే తిండి బజార్లు చూసి తీరాలి. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా బ్యాంకాక్‌లో నీళ్ల పండగ, రోడ్డు మీదికొస్తే తడవాల్సిందే. మన ఊళ్లల్లో చాలామంది సంక్రాంతి అయ్యాక బయల్దేరతారు. సైగాన్ అయితే క్యాలెండర్లో టెట్ ఎప్పుడో చూడండి, జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరి మూడో వారం లోపో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం, ఆ నాలుగైదు రోజులు చిన్న హోటళ్లు మూసేసి అందరూ సొంతూళ్లకి వెళ్లిపోతారు, మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే. ఆ వారం వదిలేసి తర్వాత వారానికి టికెట్ తీసుకోండి, కాన్ చువా వండేవాళ్లు తిరిగొచ్చేసి ఉంటారు.